బియ్యం మూతి, రాళ్ళ మూతి

మా అపార్ట్‌మెంటులో నేనేం ఉద్యోగం చేస్తానో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. పటమటలో కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. కింది ఫ్లోరావిడ నేను బంగారం పరీక్ష చేస్తాననుకుని ఒకసారి గాజులు తీసి చేతిలో పెట్టింది. ఎదురు ఫ్లాటాయన కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, "కాస్త చూసి పెట్టండమ్మా, పసుపు పచ్చగా వస్తున్నాయి" అన్నాడు. నేను చూసేది రాళ్ళండీ బాబూ! ఆటోనగర్లో ఒక చిన్న ల్యాబులో కూర్చుని, ఇనుప రాయిని పొడి కొట్టించి, అందులో ఇనుమెంత, ఇనుము కానిదెంత అని తేల్చడం నా పని. ఇనుము కానిదంతా మాకు చెత్తే. ఆ చెత్తలో పెద్ద దొంగ ఇసుక. రాయి పుట్టినప్పుడే లోపల దూరి కూర్చుంటుంది. దాన్ని బయటికి గెంటాలంటే రాయిని నలగ్గొట్టి, బరువైనదాన్ని ఒక పక్కకీ తేలికైనదాన్ని ఇంకో పక్కకీ తోలాలి. మా శాస్త్రం మొత్తం ఇంతే. దీనికోసం మా వాళ్ళు నన్ను నాలుగేళ్ళు హాస్టల్లో పెట్టి ఇంజనీరింగు చదివించారు.

ఈ సంగతి విన్న రోజే మా బాబాయి పగలబడి నవ్వాడు. "ఓస్, ఇంతేనా! బియ్యంలో రాళ్ళు తీయడమేగా! ఈమాత్రం దానికి చదువెందుకే, మన మిల్లులో కూర్చుంటే నేనే నేర్పేవాణ్ణి" అన్నాడు.

బాబాయంటే మా నాన్న తమ్ముడు. హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి పోతే కాలవ పక్కన ఆయన రైసు మిల్లు. మంచి మనిషే కానీ నోరు విప్పితే గొప్పలు. "నా బియ్యం తిని పన్ను విరిగిందన్నవాడు ఈ చుట్టుపక్కల లేడు" అనేది ఆయన ఎక్కువసార్లు చెప్పుకున్న గొప్ప. పెళ్ళిచూపులకి వెళ్ళినా చెప్పేవాడు, చావు పరామర్శకి వెళ్ళినా చెప్పేవాడు. నిజానికి అది అబద్ధమేం కాదు. ఆయన మిల్లు బియ్యంలో రాయి దొరికేది కాదు.

తర్వాత పెద్ద పెద్ద మిల్లులొచ్చాయి. సార్టెక్స్ మిషన్లు పెట్టి నల్లగింజ కూడా కనపడకుండా ఏరి పారేస్తుంటే, మా బాబాయి పాత మిల్లుకి ధాన్యం తోలేవాడెవడు? బెల్టులు ఎండిపోయాయి, ముఠా కూలీలు తలో దిక్కూ పోయారు. పిన్ని తమ్ముడికి అప్పటికే ఒక ప్లాను ఉంది. మిల్లు పడగొట్టి ఏసీ ఫంక్షన్ హాలు కట్టాలని. ముందు ఫౌంటెను, రెండు పక్కలా ఏనుగు బొమ్మలు. ఆ డ్రాయింగు ఫోన్లో పెట్టుకుని కనపడినవాడికల్లా చూపించేవాడు. పిన్ని కూడా తమ్ముడి వైపే. చివరికి ఇంట్లో తెగిన మాటేమిటంటే, దసరా లోపల బాబాయి ఏదో ఒక పనితో మిల్లు తిప్పి చూపించాలి, లేకపోతే దసరాకి హాలు పనులు మొదలు. బాబాయికి ఆ మిల్లంటే ప్రాణం. ఎండిన బెల్టుకి కూడా వారం వారం నూనె పెట్టించే మనిషి. ఆ గడువు విన్నప్పట్నుంచీ అన్నం సరిగ్గా తినడం లేదని పిన్నే నాకు ఫోన్ చేసి చెప్పింది, కొంచెం గిల్టీగా.

ఆ వేసవిలో ఒకరోజు బాబాయి మా ల్యాబులో ఊడిపడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నల్లటి రాళ్ళు. జగ్గయ్యపేట అవతల ఒక క్వారీ గుట్టట. ఇసుక మరీ ఎక్కువుందని ఎవరూ ఎత్తడం లేదట. ఒక ఇనుము ఫ్యాక్టరీ వాళ్ళని కలిశాడట. "ఇసుక తగ్గించి ఒక లారీ సరుకు పంపించండి, మా పరీక్షలో నిలబడితే గుట్ట మొత్తం మీతోనే శుభ్రం చేయిస్తాం" అన్నారట.

"దేంతో శుభ్రం చేస్తావ్ బాబాయ్?"

"నా డీస్టోనర్ ఉందిగా" అన్నాడు.

డీస్టోనర్ అంటే బియ్యంలో రాళ్ళు తీసే మిషను. చిన్న చిన్న చిల్లులున్న ఇనుప పళ్ళెం ఏటవాలుగా ఉండి, కొట్టుకుంటూ ఊగుతుంటుంది. కింద నుంచి గాలి కొడుతుంది. బియ్యం గాలికి తేలి, కిందికి జారి ముందు మూతిలోంచి బయటికొస్తుంది. రాళ్ళు బరువు కాబట్టి పళ్ళేన్ని అంటిపెట్టుకుని, ఆ ఊపుకి వాలు మీద పైకి పాకి, వెనక మూతిలోంచి పడతాయి. మిల్లులో అందరూ ముందుదాన్ని బియ్యం మూతి అనీ, వెనకదాన్ని రాళ్ళ మూతి అనీ అంటారు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. ఇది ఇనుప రాయి. దీనికి అయస్కాంతం డ్రమ్ములుంటాయి, నీళ్ళలో కడిగే బల్లలుంటాయి" అని ఒక గంట వాయించాను. చెబుతూ చెబుతూ మధ్యలో నా నోరు మూతపడింది. ఎందుకంటే, ఆలోచిస్తే, ఈయన చెప్పేది జరిగే పనే. రాయిని సన్నగా నలగ్గొట్టి సైజు ప్రకారం జల్లించి పోస్తే, గాలికి ఇసుక తేలుతుంది, ఇనుము తేలదు. పొడిగా శుభ్రం చేసే పద్ధతి ఒకటి మా పుస్తకాల్లోనే ఉంది. కాకపోతే మా పుస్తకాల్లో దానికి ఇంత లొడలొడ శబ్దం లేదు.

"సరే బాబాయ్, కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. మనకి కావలసింది బరువైనది. అంటే మన సరుకు రాళ్ళ మూతిలోంచి వస్తుంది. బియ్యం మూతిలోంచి వచ్చేదంతా ఇసుక, పారబోయాల్సింది."

"అబ్బో, నా మిషను గురించి నాకు చెప్తున్నావా అమ్మాయ్!" అన్నాడు.

ఆటోనగర్లో మా ల్యాబు వెనకే లేత్ షాపు భాయ్ ఉంటాడు. మా క్రషర్ పళ్ళు అరిగినా ఆయనే, మా బీరువా తాళం ఇరుక్కున్నా ఆయనే. డీస్టోనర్ని వ్యాన్లో తెప్పించి ఆయనకి అప్పగించాను. గట్టి పళ్ళెం వేశాడు, గాలి పెంచడానికి ఫ్యాను పుల్లీ మార్చాడు, వాలు కొంచెం నిటారు చేశాడు. షాపులోనే ఒక బక్కెట్టు పొడి పోసి నడిపించాం. వెనక మూతిలోంచి నల్లగా, బరువుగా, నూనె రాసినట్టు మెరుస్తూ పొడి పడింది. అయస్కాంతం పెడితే ముళ్ళపంది లాగా నిక్కబొడుచుకుంది. ముందు మూతిలోంచి తెల్లగా ఇసుక. భాయ్ "వాహ్!" అన్నాడు. నేను ఆనందం పట్టలేక అందరికీ ఇరానీ చాయ్ తెప్పించాను. బాబాయిని కూడా వచ్చి చూడమంటే, "నా మిషను ఊగడం నేను చూడనిదా" అని రాలేదు.

ఎందుకైనా మంచిదని భాయ్ చేత రెండు మూతుల మీదా ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించాను. వెనక మూతి మీద 'ఇనుము'. ముందు మూతి మీద 'చెత్త'. గుడ్డివాడికి తప్ప అందరికీ కనపడేలా. అలా పంపించి నిశ్చింతగా ఉన్నాను.

బాబాయి రాయిని క్వారీ దగ్గరే పొడి కొట్టించి మిల్లుకి తోలించుకున్నాడు. శ్రావణ శుక్రవారం ముహూర్తం. ఆ రోజే మా ల్యాబులో ఆడిట్ పడింది, నేను కదల్లేకపోయాను. ఫోన్లో ఫోటోలు పంపించారు. మిషనుకి పూలదండ, ముందు గుమ్మడికాయ, పిన్ని పట్టుచీర, మొదటి బస్తా మీద కొబ్బరికాయ. ముఠా వాళ్ళందరూ మళ్ళీ వచ్చారు. మధ్యలో బాబాయి కొత్త పంచె కట్టుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఆ నవ్వు చూసి నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోటోలో మిషను ముందు భాగంలో పసుపూ కుంకుమా తప్ప ఏమీ కనపడలేదు.

రెండో వారంలో మా ల్యాబుకి ఒక ప్యాకెట్టు వచ్చింది. ఆ ఇనుము ఫ్యాక్టరీ వాళ్ళు సరుకు మా దగ్గరే పరీక్ష చేయిస్తారని నాకప్పుడే తెలిసింది. సీలు విప్పి పళ్ళెంలో పోశాను. తెల్లగా ఉంది. మరీ ముగ్గంత తెల్లగా కాదు, మాసిన ముగ్గులా. వేరే ఎవరి ప్యాకెట్టో అనుకుని చీటీ మళ్ళీ చూశాను. మాదే. అయస్కాంతం తీసి పొడిలో తిప్పాను. నాలుగు నల్ల వెంట్రుకలు లేచాయి, అంతే. వెంటనే బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, బస్తాలు ఏ మూతి కింద పట్టారు?"

"ఏ మూతేంటే? బియ్యం మూతి కిందే."

"ఆ మూతి మీద చెత్త అని రాశాం కదా!"

అవతల పిన్ని గొంతు వినపడింది. ఫోను లాక్కున్నట్టుంది. "అదేంటమ్మా, శుభమా అని మిషను మొదలెడుతూ ఎదురుగా చెత్త అని రాసుకుంటారా ఎవరైనా? నేనే కిరసనాయిలు గుడ్డతో తుడిపించి పసుపు రాసి స్వస్తిక్ వేయించాను."

"మరి వెనకాల ఇనుము అని ఉందిగా పిన్నీ!"

"శ్రావణ శుక్రవారం పూట ఇనుము మాటెత్తుతారా? ఇనుమంటే శని కాదూ? అదీ తుడిపించాను" అంది, నాకే బుద్ధి లేదన్నట్టు.

వ్యాపారమే ఇనుము వ్యాపారం! దానికి ఇనుము మాట పనికిరాదట! అక్షరాలు పోగానే ముఠా వాళ్ళ చేతులు వాటి దారిన అవి పోయాయి. పుట్టినప్పట్నుంచీ ముందు మూతికి బస్తా కట్టిన చేతులు ముందు మూతికే కట్టాయి. బాబాయి ఎదురుగా నిలబడి, "బాగా పట్టండ్రా, తెల్లగా మల్లెపూవులా వస్తోంది" అని మురిసిపోయాడట. తెల్లగా ఉంటే మంచి సరుకని ఆయన జీవితమంతా నమ్మాడు మరి. ఇసుకకి హారతిచ్చి లారీ ఎక్కించారు.

"మరి వెనక మూతిలోంచి వచ్చింది ఏం చేశారు?" అని అడిగాను, జవాబు తెలిసే.

"రాళ్ళేగా, డొంకలో పోయించాను" అన్నాడు బాబాయి.

మా డెల్టాలో ఎంత తవ్వినా నల్లమట్టే తప్ప గులకరాయి కూడా దొరకదు. అందుకని మిల్లులో వచ్చే రాళ్ళని ఎవరూ వృథాగా పోనివ్వరు. మిల్లు పక్క నుంచి కాలనీకి పోయే మట్టి బాటనే డొంక అంటారు. వానాకాలం అందులో మోకాలి లోతు బురద. తరతరాలుగా మిల్లు రాళ్ళన్నీ ఆ డొంకకే. పోస్తూనే ఉండేవాళ్ళు, అది మింగుతూనే ఉండేది.

మర్నాడు బస్సెక్కి జంక్షన్లో దిగి ఆటోలో వెళ్ళాను. వాన పడుతోంది. డొంక మొదట్లో ఆటో ఆపేస్తాడేమో, నడవాలేమో అనుకున్నాను. ఆపలేదు. "ఇప్పుడు దిగబడదండీ. మిల్లాయన ఏం రాళ్ళు పోయించాడో గానీ గట్టిగా కూర్చుందండీ. బడి ఆటోలు కూడా లోపలిదాకా పోతున్నాయి. మహానుభావుడు!" అన్నాడు ఆటో అతను. నేను దిగి, చీర ఎత్తి పట్టుకుని, రోడ్డు మధ్యలో గొంతుక్కూర్చుని అయస్కాంతం మట్టిలో గుచ్చాను. నల్లగా గుబురుగా లేచింది. మా సరుకంతా అక్కడే ఉంది, బురదలో కలిసి, గేదెల కాళ్ళ కింద. పాల క్యాను పట్టుకెళ్తున్న ఒకావిడ ఆగి, "చెవిపోగు పోయిందా అమ్మా?" అని జాలిగా అడిగింది. కొంప పోయింది తల్లీ అందామనుకుని ఊరుకున్నాను.

ఫ్యాక్టరీ వాళ్ళని నేనే బతిమాలాను. పద్ధతి పనిచేస్తుందనీ, మూతులు మారిపోయాయనీ చెప్పాను. "మూతులేంటండీ?" అన్నాడు అక్కడి మేనేజరు. చివరికి దసరా లోపల పంపిస్తే ఇంకోసారి చూస్తామన్నారు. క్వారీకి ఫోన్ చేస్తే, గుట్ట అప్పటికే ఇంకెవరో ఎత్తుకుపోయారన్నారు. ఇక మిగిలింది డొంక ఒక్కటే.

డొంకలోది తవ్వి తీయొచ్చు. కానీ ఇప్పుడు దానికి ఇసుకతో పాటు నల్లమట్టి కూడా పట్టింది. బంక లాగా గింజ గింజనీ పట్టుకుని కూర్చుంది. ఆరబెడదామంటే వానలు. గాలికి లొంగదు. నీళ్ళతో కడగాల్సిందే. "కడుగుదాం! పక్కనే కాలవ, మోటారుంది" అన్నాడు బాబాయి. ఆయన కళ్ళు మళ్ళీ వెలిగాయి. మురికినీళ్ళు తేరుకోవడానికి పెద్ద చెరువు ఉండాలని నేను చెప్పాను. మిల్లు ఆవరణలో చెరువు ఎక్కడ తవ్వుతాం? చుట్టూ నాట్లేసిన చేలు, ఒక్క సెంటు కూడా ఆయనది కాదు. "ముందు ఒక ట్రాక్టరు కడిగి చూద్దాం, తర్వాత చూసుకుందాం" అన్నాడు.

ఒక ట్రాక్టరు లోడు తవ్వించి సిమెంటు గచ్చు మీద పోయించి మోటారు వేశాడు. పైపు పట్టుకుని ఆయనే స్వయంగా కడిగాడు, పంచె పైకి దోపుకుని, ఒళ్ళంతా బురదతో. కింద నల్లటి ఇనుము తళతళలాడుతూ బయటపడింది. నేను పిడికెడు తీసి చూశాను. అద్భుతంగా ఉంది. ఇంకో పది రోజులు ఇలా కడిగితే లారీ నిండుతుంది, మిల్లు నిలబడుతుంది. "చూశావా!" అని అరిచాడు బాబాయి. నిజం చెప్పొద్దూ, నేను కూడా చిన్నపిల్లలా గెంతాను.

అప్పుడు ఆయన నీళ్ళు పోతున్న వైపు చూశాడు. గచ్చు మీది నుంచి నల్లటి బురదనీళ్ళు చిక్కగా జారి, చేలకి నీళ్ళు మళ్ళించే చిన్న బోదెలోకి పోతున్నాయి. బోదెలోంచి మొదటి మడిలోకి. వారం క్రితం నాటిన లేత నారు చుట్టూ నల్లగా తిరుగుతూ, ఆకుల మీద పూతలా పట్టేస్తోంది. మడిగట్టు మీద దాని రైతు నిలబడి చూస్తున్నాడు. బాబాయి మిల్లుకి చివరిదాకా ధాన్యం తోలినవాళ్ళలో ఆయనొకడు.

బాబాయి పైపు పక్కన పడేశాడు. వెళ్ళి మోటారు ఆపేశాడు.

"ఒక్క మడే కదా బాబాయ్, నష్టం కట్టిద్దాం" అన్నాను నేను.

"ఆ మడి ధాన్యంతోనేనే ఈ మిల్లు ఆడింది. ఇప్పుడు మిల్లు ఆడ్డానికి దాని నోట్లో మట్టి కొట్టనా?" అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది. ఆయన అంత మామూలుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది. ఆ సాయంత్రమే కడిగిన ఇనుముతో సహా ట్రాక్టరు లోడంతా తీసుకెళ్ళి డొంకలో గుంట పడిన చోటే పోయించి, పలుగుతో తనే సర్దాడు. తర్వాత బావమరిదికి ఫోన్ చేసి, ఏనుగు బొమ్మల్లో ఒక్కటి తగ్గించుకోమన్నాడు.

తగ్గించలేదు, రెండూ పెట్టారు. మొన్న బంధువుల పెళ్ళికి ఆ హాలుకి వెళ్ళాను. కార్లన్నీ డొంక మీంచే వచ్చాయి, ఒక్కటీ దిగబడలేదు. ఫౌంటెను పనిచేయడం లేదు. భోజనాలకి బాబాయి నన్నూ పిన్నినీ లాక్కుపోయి హాలులో ఒక మూలకి తీసుకెళ్ళాడు. "ఇక్కడే కూర్చుందాం" అన్నాడు. డీస్టోనర్ ఉండేది అక్కడే.

పప్పన్నం కలిపి రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకి కటుక్కుమంది. పక్క వరస వాళ్ళకి కూడా వినపడింది. నోట్లో వేలు పెట్టి చిన్న రాయి తీసి ఆకు అంచు మీద పెట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పిన్ని మంచినీళ్ళ గ్లాసు అందించబోయి ఆగిపోయింది. నాకేం చేయాలో తోచక, బ్యాగులోంచి అయస్కాంతం తీసి రాయికి ఆనించాను. కదల్లేదు.

"ఒట్టి ఇసుకరాయి బాబాయ్" అన్నాను.

"బియ్యం మూతిలోంచే వచ్చిందన్నమాట" అన్నాడు.

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత నేను. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వీ నవ్వీ పొలమారింది ఆయనకి, తల మీద తడుతుంటే ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైపోయిందో మాకు తెలియలేదు. మిల్లు కూలగొట్టిన రోజు కూడా గేటు దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకున్న మనిషి, పెళ్ళి బంతిలో ఎంగిలి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

వడ్డించే అతను కంగారుగా వచ్చి, "ఆకు మార్చమంటారా అండీ?" అన్నాడు.

"వద్దయ్యా. ఇంకో హస్తం అన్నం వెయ్యి" అన్నాడు బాబాయి.

వేడి అన్నం ఆకంతా పల్చగా పరిచి, వేళ్ళతో మెల్లిగా ఊపుతూ, మెతుకులు ఒక పక్కకి జరుపుతూ వెతికాడు. రసం వచ్చి పోయింది, పెరుగు వచ్చి పోయింది. ఇంకో రాయి దొరకలేదు.